పచ్చికబయళ్ల ప్రతినిధి: సెనేటరు జార్జి నారిస్

1917వ సంవత్సరము మార్చి మాసమున నెబ్రాస్కా రాష్ట్రమునకు ముఖ్యపట్టణమైన లింకన్‌లో ఒక బహిరంగసభ జరిగెను. దానిని ఏర్పాటు చేసినది ఏ రాజకీయపక్షమును కాదు. ఆ రాష్ట్రమునుండి ఎన్నికైన సెనేటరు ఒకడు తానే మందిరమును మాట్లాడుకొని, తానే ప్రజలను పిలిచి, తన్ను తానే ముద్దాయిగా వారి యెదుట నిలుపుకొనుటకు వాషింగ్టన్‌నుండి వచ్చెను. పత్రికలు ఆయనను దేశద్రోహి అనుచుండెను. దేశాధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఆయనను, ఆయనతో కలిసిన కొలదిమందిని మొండివారని బాహాటముగా నిందించియుండెను. మిత్రులు సైతము ఇట్టి సమయమున సభ వలదని చెప్పిచూచిరి. ఆయన వినలేదు. ప్రత్యేకముగా ఎన్నిక జరిపింపవలసినదనియు, ప్రజలు తన్ను వలదన్నచో పదవిని విడిచిపెట్టుదుననియు రాష్ట్ర గవర్నరును కోరియుండెను. ఆ కోరిక నెరవేరలేదు. ఇక మిగిలినది ఆ సభయొక్కటే.

మందిరము క్రిక్కిరిసిపోయెను. మూడువేలమందికి పైగా చేరిరి. ఆయన వేదికపైకి వచ్చినపుడు చప్పట్లు లేవు, ఎగతాళి కేకలును లేవు. జనులు నిశ్శబ్దముగా చూచుచుండిరి. ఆయన అలంకారములు లేని మాటలతో, తాను చేసినదేమో, ఎందుకు చేసెనో, పత్రికలు చెప్పక విడిచినదేమో ఒక గంటకు పైగా వివరించెను. క్షమాపణ కోరలేదు. ప్రసంగము ముగియునప్పటికి ఆ జనసమూహము హర్షధ్వానములతో మందిరమును మారుమ్రోగించెను.

ఆ సెనేటరు పేరు జార్జి విలియం నారిస్. నలుబది సంవత్సరములు అమెరికా శాసనసభలలో కూర్చుండి, అందు సగముకాలము తన పక్షమువారితోనే కలహించి, ఎనుబదియొకటవ యేట ఎన్నికలలో ఓడి ఇల్లు చేరిన పల్లెటూరి న్యాయవాది ఆయన.

నారిస్ 1861 జులై 11వ తేదీన ఒహాయో రాష్ట్రములో క్లైడ్ అను గ్రామమునకు సమీపముననున్న వ్యవసాయక్షేత్రమున జన్మించెను. తల్లిదండ్రులకు పదునొకండవ సంతానము. ఆయనకు మూడేండ్లయినను నిండకమున్నే, అంతర్యుద్ధములో గాయపడి అన్న మరణించెను. అదే 1864వ సంవత్సరమున తండ్రియు కాలధర్మము నొందెను. తల్లి మేరీ ఆ పొలమును, ఆ పిల్లలను ఒంటరిగా సాకుకొనివచ్చెను. వృద్ధాప్యమున నారిస్ ఆమెను గూర్చి చెప్పిన ఉదంతమొకటి కలదు. ఒకనాడు ఆమె పండ్లచెట్టు నాటుచుండగా, నీడు పిల్లవాడైన నారిస్ మొక్కను నిలబెట్టి పట్టుకొనియుండెను. ఇది కాయలు కాయునాటికి నీవుండవు కదా, ఈ శ్రమ ఎందులకని అతడడిగెను. తాను తినకపోయినను ఎవరో ఒకరు తినెదరని ఆమె బదులు చెప్పెను. మన పల్లెలలో మామిడిటెంక పాతిపెట్టు ముసలివారందరును చెప్పు మాటయే ఇది. కాని కొందరి విషయమున చిన్ననాట విన్న మాట జీవితమంతయు వెంటనంటి వచ్చును.

చదువునకు కావలసిన డబ్బు ఇంటలేదు. పల్లెటూరి బడులలో ఉపాధ్యాయుడుగా పనిచేసి కూడబెట్టిన జీతముతో ఆయన బాల్డ్విన్ విశ్వవిద్యాలయమునందును, ఇండియానా రాష్ట్రములోని వాల్పరైసోలోనున్న ఉపాధ్యాయ శిక్షణ కళాశాలయందును చదివి, 1883లో న్యాయశాస్త్ర పట్టమును పొందెను. అప్పటికిని కక్షిదారులు దొరకక మరల బడిపంతులుగానే కొంతకాలము గడపెను. 1885లో నెబ్రాస్కా చేరి, బీవర్ సిటీ అను చిన్న ఊరిలో కాపురము పెట్టెను. తరువాత మెకుక్ అను పట్టణమునకు మారెను. చివరివరకు అదియే ఆయన ఊరు.

నెబ్రాస్కాను గూర్చి ఒక మాట చెప్పవలెను. అమెరికా ఖండము నడిమధ్యనున్న పచ్చికబయలు అది. సముద్రము ఏ దిక్కున చూచినను బహుదూరము. వాన కురిసిన సంవత్సరము మొక్కజొన్న, గోధుమ గాదెలు నిండును. కురియని సంవత్సరము అప్పులు నిండును. 1890 తరువాత కొన్నేండ్లు అనావృష్టి వచ్చి, ధాన్యపు ధరలు పడిపోయి, తాకట్టులోనున్న పొలములు వేలమునకు వచ్చెను. 1895లో నారిస్ స్వల్పమైన ఆధిక్యముతో జిల్లా న్యాయాధిపతిగా ఎన్నికయ్యెను. వచ్చిన వ్యాజ్యములలో అధికభాగము తాకట్టు వ్యాజ్యములే. కష్టపడి పనిచేయు రైతు ఒక మంచి పంట చేతికి వచ్చిన బాకీ తీర్చగలడని తోచినచోట, వేలమును ఖాయము చేయుటను ఆయన వాయిదావేయుచుండెను. పొలము పోయిన రైతు మొగము ఎట్లుండునో ఆయన పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. న్యాయస్థానమున ఎదురుగా చూచెను.

1901లో ఆయన భార్య ప్లూమా మూడు పసిపిల్లలను విడిచి మరణించెను. 1903లో మెకుక్‌లో ఉపాధ్యాయినిగానుండిన ఎల్లా లెనర్డును ఆయన వివాహమాడెను. అప్పటికే, 1902 ఎన్నికలలో రిపబ్లికను పక్షము తరఫున గెలిచి, వాషింగ్టన్‌లోని ప్రతినిధిసభకు సభ్యుడైయుండెను.

ఆనాడు నారిస్ తిరుగుబాటుదారుడు కాడు. తన పక్షము సర్వసద్గుణసంపన్నమనియు, ప్రతిపక్షము దుర్గుణరాశి అనియు నమ్మినవాడు. రైలుకంపెనీలు రాజకీయులకిచ్చు ఉచిత ప్రయాణపు చీట్లను ఆయనయు వాడుకొనియుండెను. ఆయన కండ్లు తెరిపించినది ప్రతినిధిసభ నడచిన తీరే.

ఆ కాలమున సభాపతి జోసెఫ్ కానన్. నోట చుట్ట, మొగమున నవ్వు, చేతిలో సర్వాధికారము. ఏ సభ్యుడు ఏ ఉపసంఘమున ఉండవలెనో ఆయనయే నిర్ణయించును. ఏ బిల్లు చర్చకు రావలెనో నిర్ణయించు నియమావళి సంఘమునకును ఆయనయే అధ్యక్షుడు. సభలో ఎవరు మాట్లాడవలెనన్నను ఆయన కన్ను పడవలెను. ఇక ప్రజలు ఎన్నుకొన్న వందలకొలది సభ్యులు ఎందులకు? ఈ ప్రశ్న చాలమంది మనసులలో మెదలినను, పిల్లి మెడలో గంట కట్టువాడు లేకపోయెను.

నారిస్ ఒక తీర్మానమును వ్రాసి, మడచి, కోటుజేబులో పెట్టుకొని చిరకాలము తిరిగెను. దానిని ప్రవేశపెట్టుటకు దారి లేదు. నియమావళిని మార్చు తీర్మానము నియమావళి సంఘమునకే పోవలెను. అక్కడ కానన్ కూర్చుండియుండును. 1910 మార్చిలో జనాభా లెక్కలకు సంబంధించిన ప్రస్తావన ఒకటి సభకు వచ్చెను. జనాభా లెక్కలు రాజ్యాంగమునందే విధింపబడినవి కనుక, ఆ ప్రస్తావన తక్కిన కార్యక్రమమునంతటిని త్రోసిపుచ్చి ముందుకు రావచ్చునని కానన్ తీర్పు చెప్పెను. మార్చి 17వ తేదీన నారిస్ లేచెను. రాజ్యాంగము కల్పించిన ప్రత్యేకహక్కుతో తానొక తీర్మానము తెచ్చుచున్నాననెను. ప్రతి సభయు తన నియమములను తానే ఏర్పరచుకొనవలెనని రాజ్యాంగమునందే యున్నది. కావున జనాభా లెక్కలకు వర్తించిన సూత్రము ఈ తీర్మానమునకును వర్తింపవలెను. జేబులోనుండి నలిగిపోయిన ఆ కాగితము బయటికి వచ్చెను.

సభాపతి తన మాటలోనే తాను చిక్కుకొనెను. ఔనన్న పదవి బలము పోవును, కాదన్న నిన్నటి తీర్పు అబద్ధమగును. ఊళ్లకు పోయిన అనుచరులను రప్పించుటకై ఆయన పక్షమువారు కాలయాపన మొదలిడిరి. ఆ రాత్రి సభ తెల్లవార్లు జరిగెను. సభ్యులు కుర్చీలలోనే కునుకుదీసిరి. రాని సభ్యులను పట్టి తెచ్చుటకు సభాభటులు ఊరిమీద పడిరి. చివరకు 19వ తేదీన కానన్ తీర్మానము చెల్లదని తీర్పు చెప్పగా, సభ ఆ తీర్పును త్రోసివేసెను. 191 ఓట్లతో, 156 ఓట్లకు వ్యతిరేకముగా, నారిస్ తీర్మానము నెగ్గెను. నియమావళి సంఘము పదిమందితో విస్తరింపబడెను. దాని సభ్యులను సభయే ఎన్నుకొనవలెననియు, సభాపతి అందులో ఉండరాదనియు నిర్ణయమయ్యెను. కానన్‌ను పదవినుండియే దింపవలెనని ఒకరు తెచ్చిన ప్రస్తావన మాత్రము ఓడిపోయెను. అదియు మంచిదే అయ్యెను. ఈ పోరాటము ఒక వ్యక్తిపై కసితో జరిగినదను అపవాదునకు తావు లేకపోయెను.

1912లో నారిస్ సెనేటునకు ఎన్నికయ్యెను. 1913 మొదలు 1943 వరకు ముప్పదియేండ్లు అక్కడనే యుండెను.

ఇక 1917. జర్మనీ జలాంతర్గాములు ఏ దేశపు నౌకనైనను హెచ్చరిక లేకయే ముంచివేయుటకు పూనుకొనినందున, వర్తకనౌకలకు ఫిరంగులు అమర్చు అధికారమును విల్సన్ కోరెను. ప్రతినిధిసభ అత్యధిక సంఖ్యతో ఇచ్చెను. మార్చి 4వ తేదీ మధ్యాహ్నముతో ఆ శాసనసభకు గడువు తీరును. సెనేటులో నారిస్, విస్కాన్సిన్ సెనేటరు లా ఫొలెట్ మొదలైన కొలదిమంది ఆ గడువు తీరువరకు ప్రసంగములతో కాలము గడపి, బిల్లును ఆపివేసిరి. యుద్ధము ప్రకటించు అధికారము రాజ్యాంగముచేత శాసనసభకు ఇయ్యబడినది. ఈ బిల్లు చాటున అది ఒక్క మనిషి చేతికి పోవుచున్నదని నారిస్ వాదము. విల్సన్ ఆగ్రహము, పత్రికల దూషణ, లింకన్ సభ, అన్నియు దీని ఫలితములే. సెనేటు కూడ ఆ నెలలోనే ప్రసంగములకు గడువు విధించు నియమమును మొదటిసారిగా చేసికొనెను.

లింకన్‌లో మ్రోగిన చప్పట్లు చల్లారకమున్నే అసలు పరీక్ష వచ్చెను. ఏప్రిల్ 4వ తేదీన యుద్ధప్రకటన తీర్మానము సెనేటు ముందుకు వచ్చెను. ఊరంతయు ఒక దారి, ఉలిపికట్టె ఒక దారి అన్నట్లు నారిస్ లేచి, ఈ యుద్ధమును కోరుచున్నది పొలము దున్నువాడు కాడనెను. మిత్రరాజ్యములకు అప్పులిచ్చినవారును, ఆయుధములమ్మి లాభములు గడించినవారును కోరుచున్నారనెను. జాతీయపతాకముపై డాలరు గుర్తును ముద్రింపబోవుచున్నామని హెచ్చరించెను. ఆ మాటకు సభ అట్టుడికినట్లు ఉడికెను. రాజద్రోహమను మాట వినవచ్చెను. తీర్మానమునకు అనుకూలముగా 82 ఓట్లు, ప్రతికూలముగా 6 ఓట్లు వచ్చెను. ఆ ఆరింటిలో నారిస్ ఓటొకటి.

ఈ ఓటు సరియైనదా కాదా అను విషయమున చరిత్రకారులు ఏకాభిప్రాయులు కారు. జర్మనీ చేసిన పనులను ఆయన తక్కువగా అంచనా వేసెనన్నవారును కలరు. ఆ విమర్శలో కొంత సత్యము లేకపోలేదు. యుద్ధానంతరము వర్సేల్స్ సంధిని, దానితోపాటు నానాజాతి సమితిని ఆయన ఎదిరించెను. చైనాలోని షాంటుంగును జపానుకు అప్పగించుట ఆయనకు సహింపరానిదయ్యెను. కాని ఆ ఎదిరింపువలన సమితి బలహీనపడినదన్నది కాదనరాని మాట. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బరుపై దాడి జరిగిన మరునాడు ఆయన యుద్ధమునకు అనుకూలముగానే ఓటు వేసెను. 1917లో కాదన్న ఆరుగురిలో అప్పటికి సెనేటులో మిగిలియున్నవాడు ఆయన ఒక్కడే.

1918లో నెబ్రాస్కా ఓటర్లు ఆయనను మరల గెలిపించిరి.

నారిస్ కృషిలోకెల్ల దీర్ఘమైనది ఒక నదికి సంబంధించినది. ఆ నది ఆయన రాష్ట్రములో లేదు. వేయిమైళ్ల దూరమున దక్షిణాదిని ప్రవహించు టెన్నెసీ అది. అలబామాలో మజిల్ షోల్స్ అనుచోట అది రాళ్లపైనుండి వడిగా దిగును. యుద్ధకాలమున ప్రేలుడుమందునకు కావలసిన నత్రజని లవణములను తయారుచేయుటకై ప్రభుత్వము అక్కడ కర్మాగారములను నిర్మించి, 1918లో విల్సన్ పేర ఒక ఆనకట్టను మొదలిడెను. బాంబునకు కావలసిన ఆ లవణములే పొలమునకు ఎరువులు. యుద్ధము ముగిసెను. ఆనకట్ట ముగియలేదు. దీనినేమి చేయవలెనను ప్రశ్న మిగిలెను.

1921లో మోటారుకార్ల తయారీలో జగత్ప్రసిద్ధుడైన హెన్రీ ఫోర్డు ముందుకు వచ్చెను. కర్మాగారములకు అయిదు మిలియన్ల డాలర్లు ఇత్తుననియు, ఆనకట్టను నూరేండ్లు కౌలుకు ఇయ్యవలెననియు కోరెను. చవుకగా ఎరువులు తయారుచేసి ఇత్తునని మాట యిచ్చెను. ప్రభుత్వము వెచ్చించినది దానికి ఎన్నో రెట్లు. అయినను దక్షిణాది రైతులు ఫోర్డును దేవుడివలె చూచిరి. నారిస్ అప్పుడు సెనేటులో వ్యవసాయసంఘమునకు అధ్యక్షుడు. నది ప్రజలది, నూరేండ్లు ఒక కుటుంబమునకు ధారపోయుటకు మనమెవరమని ఆయన అడ్డుపడెను. ఏ రైతుల మేలుకొరకు అడ్డుపడెనో ఆ రైతుల తిట్లే తినెను. 1924లో ఫోర్డు విసిగి విరమించుకొనెను.

ప్రభుత్వమే ఆ విద్యుత్తును ఉత్పత్తిచేసి ప్రజలకు అందింపవలెనను నారిస్ బిల్లు 1928లో ఉభయసభలలోను నెగ్గెను. అధ్యక్షుడు కూలిడ్జి దానిపై సంతకము చేయక జేబులో పెట్టుకొని చంపెను. 1931లో మరల నెగ్గెను. ఈసారి అధ్యక్షుడు హూవరు నిరాకరించెను. సొంత పక్షపు అధ్యక్షులే ఇరువురును. 1928 ఎన్నికలలోనే నారిస్ హూవరును విడిచి, డెమొక్రటిక్ అభ్యర్థి ఆల్ స్మిత్‌ను బలపరచియుండెను. స్మిత్ కాథలిక్ మతస్థుడు, మద్యనిషేధమునకు విరోధి, న్యూయార్కు నగరవాసి. నారిస్ స్వయముగా నిషేధవాది. ఆయనను ఎన్నుకొన్న పల్లెప్రజలలో అధికసంఖ్యాకులు ప్రొటెస్టంట్లు. కొరివితో తల గోకికొనుటయని మిత్రులనిరి. నీటివిద్యుత్తు ఎవరి సొత్తను ప్రశ్నముందు తక్కినవన్నియు ఆయనకు చిన్నవిగా తోచెను. నెబ్రాస్కా స్మిత్‌ను ఓడించెను.

ఆ తరువాతి ఎన్నికకు, అనగా 1930లో, ఆయనను పడగొట్టుటకు పన్నిన పన్నాగము రాజకీయ చరిత్రలోనే వింతయైనది. బ్రోకెన్ బో అను ఊరిలో కిరాణా దుకాణమున పనిచేయు మరియొక జార్జి నారిస్ కలడు. అతనిచేత రిపబ్లికను ప్రాథమిక ఎన్నికలకు నామినేషను వేయించిరి. ఓటుచీటిపై ఒకే పేరు రెండు మారులుండును. ఎవరు సెనేటరో, ఎవరు దుకాణదారో ఓటరునకు తెలియదు! అదృష్టవశమున ఆ నామినేషను తపాలాలో గడువు దాటి చేరెను. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము దానిని చెల్లనీయలేదు. సెనేటు విచారణలో వెనుకనున్న చేతులు బయటపడెను. అబద్ధపు సాక్ష్యము చెప్పినందుకు దుకాణపు నారిస్ జైలుకు పోయెను. సెనేటరు నారిస్ సెనేటునకు పోయెను.

1932లో దేశము ఆర్థికమాంద్యమున మునిగియుండగా, ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. 1933 మే 18వ తేదీన టెన్నెసీ లోయ అధికార సంస్థ శాసనముపై ఆయన సంతకము చేసినపుడు నారిస్ ప్రక్కనే నిలుచుండెను. నదిని ముక్కలు ముక్కలుగా కాక, వరదనివారణ, నౌకాయానము, విద్యుత్తు, నేలకోత నివారణ, అన్నిటిని కలిపి ఒకే సంస్థ చూచుట ఆ శాసనములోని నూతనత్వము. ఏడు రాష్ట్రములకు చెందిన లోయ అది. ఆ సంస్థ మొదట కట్టిన ఆనకట్ట క్లించ్ నదిపైనిది. ఎత్తు 265 అడుగులు. 1936లో పూర్తియైన దానికి నారిస్ పేరే పెట్టిరి. మన దేశమున 1948లో ఏర్పడిన దామోదర్ లోయ సంస్థ దీని ననుసరించి రూపొందినదే. ఆ ప్రణాళికను సిద్ధపరచిన వూర్డుయిన్ టెన్నెసీ సంస్థనుండి వచ్చిన ఇంజనీరు.

అయితే నారిస్ ఆనకట్ట వెనుక నిలిచిన నీటిలో దాదాపు మూడువేల కుటుంబముల ఇండ్లు, పొలములు మునిగిపోయెను. సమాధులను సైతము త్రవ్వి వేరొకచోటికి తరలింపవలసివచ్చెను. ఇల్లు విడిచినవారిలో భూమి లేని కౌలుదార్లకు చేతికందినది స్వల్పము. పొలము పోయిన రైతు మొగము తెలిసిన మనిషి పేరిట ఇది జరిగినదన్న మాటను కూడ పాఠకులు మరువరాదు.

రూజ్వెల్టు అధ్యక్షుడైన ఆ శీతకాలమే నారిస్ చేసిన మరియొక పని ఎంత అవసరమో చూపెను. నవంబరులో ఎన్నికైన అధ్యక్షుడు మార్చి 4 వరకు పదవి చేపట్టరాదు. ఆ నాలుగు నెలలలో బ్యాంకులు వరుసగా మూతపడుచుండ, దేశమునకు దిక్కులేకపోయెను. శాసనసభ సంగతి ఇంతకన్న విచిత్రము. ఎన్నికైన సభ్యుడు మామూలుగా సమావేశమునకు కూర్చుండునది పదుమూడు నెలల తరువాత. ఈలోపల ఓడిపోయినవారితో కూడిన పాతసభ సమావేశమై శాసనములు చేయుచుండును. ఇట్టివారిని అమెరికావారు కుంటిబాతులందురు. గుఱ్ఱపుబండ్ల కాలపు ఈ ఏర్పాటును మార్చుటకు నారిస్ 1922 మొదలు పట్టువిడువక రాజ్యాంగ సవరణలు తెచ్చుచుండెను. సెనేటు మరల మరల ఆమోదించెను. ప్రతినిధిసభ పెద్దలు మరల మరల అడ్డగించిరి. తుదకు 1933 జనవరి 23వ తేదీన అది ఇరువదవ సవరణగా ఖాయమయ్యెను. నాటినుండి శాసనసభ జనవరి 3వ తేదీన, అధ్యక్షుడు జనవరి 20వ తేదీన పదవిని స్వీకరించుచున్నారు. కార్మికసంఘములో చేరనని వ్రాయించుకొను ఒప్పందములను చెల్లనీయని 1932 నాటి నారిస్–లా గార్డియా శాసనమును గూర్చి వేరుగా వ్రాయవలసినంత కలదు.

పల్లెలకు దీపములు వచ్చిన కథ నారిస్ సొంత కథ వంటిది. 1930 తరువాతి సంవత్సరములలో అమెరికా నగరములందు నూటికి తొంబది ఇండ్లలో విద్యుద్దీపములుండెను. పల్లెపొలములలోని ఇండ్లకు నూటికి పదింటిలో మాత్రముండెను. మైలునకు రెండు మూడు ఇండ్లున్నచోట తీగలు లాగిన గిట్టదని కంపెనీలు చెప్పెను. పల్లెటూరి ఇల్లాలు కిరసనాయిలు దీపపు గాజుగొట్టము తుడుచుట, బావినుండి నీరు తోడిమోయుట, కట్టెలపొయ్యిమీద ఇస్త్రీపెట్టె కాచుట నారిస్ తన తల్లినుండి చూచినదే. 1936లో ఆయనయు, టెక్సాస్ ప్రతినిధి శామ్ రేబర్నును కలిసి గ్రామీణ విద్యుదీకరణ శాసనమును తెచ్చిరి. రైతులే సహకారసంఘములుగా ఏర్పడి, ప్రభుత్వమునుండి తక్కువ వడ్డీకి అప్పు తీసికొని, తామే స్తంభములు పాతించి, తీగలు లాగించుకొనిరి. గిట్టదన్న వ్యాపారము గిట్టెను. నెబ్రాస్కాలో నేటికిని విద్యుత్సరఫరా అంతయు ప్రజాసంస్థల చేతిలోను, సహకారసంఘముల చేతిలోను ఉన్నది. ఆ దేశములో ఇట్టి రాష్ట్రము వేరొకటి లేదు.

అట్లే వేరొకటి లేనిది ఆ రాష్ట్రపు శాసనసభయు. రాష్ట్రమునకు రెండు సభలెందులకని నారిస్ ప్రశ్న. ప్రభువులకొకటి, సామాన్యులకొకటి అని రెండు సభలు ఇంగ్లండులో పుట్టెను. ప్రభువులే లేనిచోట రెండవది ఎవరికొరకు? ఒక సభ నెగ్గించిన దానిని మరియొక సభ మార్చగా, రెంటికి రాజీ కుదుర్చుటకు అయిదారుగురు తలుపులు మూసికొని కూర్చుందురు. అక్కడ ఎవరు ఏమి చేసిరో ప్రజలకు తెలియదు. బిల్లు చచ్చిన, ఈ సభవారు ఆ సభమీదను, ఆ సభవారు ఈ సభమీదను నెపము త్రోయుదురు. 1934లో, డెబ్బదిమూడేండ్ల వయస్సున, ఆయన మోటారుకారులో ఊరూర తిరిగి ఈ సంగతి చెప్పెను. పత్రికలలో అధికభాగము ఎదురుతిరిగెను. ఓటర్లు 286,086 ఓట్లు అనుకూలముగాను, 193,152 ఓట్లు ప్రతికూలముగాను వేసిరి. 133 మంది సభ్యులుండిన రెండు సభలు పోయి, 1937 జనవరిలో 43 మందితో ఒకే సభ కూర్చుండెను. సభ్యులు పక్షముల పేరిట పోటీచేయరాదు. సంఖ్య తరువాత 49 అయినది. ఎన్నో రాష్ట్రములు దీనిని చూచిపోయినవి. అనుసరించినది మాత్రము ఒక్కటియు లేదు.

1936లో నారిస్ రిపబ్లికను పేరును కూడ విడిచి, స్వతంత్రుడుగా నిలిచి గెలిచెను. 1942లో మరల నిలిచెను. ఇది పొరపాటేమో. వయస్సు ఎనుబదియొకటి. యుద్ధకాలము. నెబ్రాస్కాలో రూజ్వెల్టుపై విముఖత పెరిగియుండెను. కెన్నెత్ వెర్రీ అను రిపబ్లికను అభ్యర్థి ఆయనను ఓడించెను. ఆ ఓటమిని నారిస్ తేలికగా తీసికొనలేకపోయెను. తాను చేసినదంతయు తన ప్రజలు త్రోసిపుచ్చిరని బాధపడెను. లింకన్ సభలో తీర్పును తలవంచి స్వీకరింప వచ్చిన మనిషికి ఇరువదియైదేండ్ల తరువాత వచ్చిన తీర్పు మింగుడుపడలేదు. మెకుక్‌లోని పాత యింటికి చేరి, స్వీయచరిత్ర చెప్పి వ్రాయించుచు, 1944 సెప్టెంబరు 2వ తేదీన మరణించెను. ఆ గ్రంథము మరుసటి సంవత్సరము వెలువడెను.

1956లో జాన్ కెన్నెడీ ధైర్యవంతులైన ఎనమండుగురు సెనేటర్లను గూర్చి వెలువరించిన గ్రంథములో నారిస్‌కు ఒక అధ్యాయము కలదు. అంతకుముందే, 1955లో, సెనేటు స్వాగతమందిరపు గోడలపై చిత్రింపదగిన అయిదుగురు మహనీయులను ఎంచుటకు ఆ కెన్నెడీ అధ్యక్షతనే ఒక సంఘము ఏర్పడియుండెను. చరిత్రపండితుల అభిప్రాయము కోరగా, వారు మొదటిస్థానమున నిలిపినది జార్జి నారిస్‌ను. కాని నెబ్రాస్కాకు చెందిన ఇరువురు సెనేటర్లును సమ్మతింపలేదు. ఇరువురును రిపబ్లికనులు. పక్షమును విడిచిపోయినవానిని వారు మరువలేదు. సంఘము పేరును విడిచిపెట్టెను. క్లే, వెబ్‌స్టర్, కల్హూన్, లా ఫొలెట్, టాఫ్ట్ అను అయిదుగురి చిత్రములు 1959లో గోడకెక్కెను. 1961లో నెబ్రాస్కా తన ప్రముఖుల స్మారకసభను స్థాపించి, అందు మొట్టమొదటి స్థానమును నారిస్‌కే ఇచ్చెను. 2004లో సెనేటు మందిరమున వాండెన్‌బర్గ్, వాగ్నర్ అను మరి ఇద్దరి చిత్రములను చేర్చిరి. నారిస్ చిత్రము అప్పుడును చేరలేదు.